పాత కారుకి కొత్త గుండె

మీ వీధిలో ఎవరింటి ముందైనా పాత మారుతి 800 కారు ఉందేమో చూడండి. చిన్న బండి. బరువు సుమారు 650 కిలోలు. 1983 డిసెంబరు 14న మొట్టమొదటి కారు తాళంచెవి కొన్నవారి చేతికి అందింది. 2014 జనవరిలో దీని తయారీ ఆగిపోయింది. ఈ ముప్ఫై ఏళ్ళలో పాతిక లక్షలకు పైగా కార్లు రోడ్డెక్కాయి. అంతకుముందు కారు అనే మాటే ఎరగని ఎన్నో ఇళ్ళకి ఇదే మొదటి కారు.

మొదట్లో ఈ కారు ఇంజనుకి పెట్రోలు అందించింది కార్బురేటరు అనే పరికరం. 2000 ప్రాంతంలో దాని స్థానంలో ఇంజెక్షను పద్ధతి వచ్చింది. ఇంజను పరిమాణం మాత్రం మారలేదు. అప్పుడూ ఇప్పుడూ 796 ఘనపు సెంటీమీటర్లే. దాన్నే గుండుగుత్తగా 800 అంటున్నాం.

ఇప్పుడొక చిన్న సమస్య. 1990 నాటి పాత కారు ఒకటి ఉందనుకుందాం. బాడీ గట్టిగానే ఉంది కాని ఇంజను అరిగిపోయింది. ఇంతలో కొత్త రకం 800 ఒకటి దొరికింది. దాని వెనకభాగం ఏదో ప్రమాదంలో నుజ్జునుజ్జయింది కాని ఇంజను మాత్రం భేషుగ్గా ఉంది. ఇందులోంచి ఇంజను తీసి అందులో పెడితే? కంపెనీ ఒకటే, పరిమాణం ఒకటే. నాలుగు బోల్టులు విప్పి, నాలుగు బోల్టులు బిగించటమే కదా!

అంత సులువు కాదు. కొత్త ఇంజను పాత కారులో చక్కగా కూర్చుంటుంది. కాని తాళం తిప్పితే ఉలకదు, పలకదు. ఎందుచేత? ఈ ప్రశ్నకి జవాబు తెలియాలంటే ముందు ఇంజను భోజనం సంగతి తెలుసుకోవాలి.

అర చుక్క పెట్రోలు

పెట్రోలు తనంతట తాను కాలదు. దానికి గాలి కావాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలటానికి 14.7 గ్రాముల గాలి అవసరం. గాలి చాలా తేలిక కనుక పరిమాణంలో చూస్తే ఈ తేడా ఇంకా ఎక్కువ. ఒక లీటరు పెట్రోలు కాలాలంటే తొమ్మిది వేల లీటర్లకు పైగా గాలి కావాలి! మనం పెట్రోలుకే డబ్బిస్తున్నాం గాని, ఇంజను అసలు తినేది గాలినే అన్నమాట.

ఒక లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. మన 796 ఘ.సెం.మీ. ఇంజనులో సిలిండర్లు మూడు. అంటే ఒక్కొక్కటి సుమారు 265 ఘ.సెం.మీ. ఒక టీ గ్లాసు కన్న కాస్త పెద్దది. ఇది నిండా పీల్చే గాలి బరువు సుమారు 0.31 గ్రాము. దీన్ని 14.7తో భాగించండి. 0.021 గ్రాము, అంటే 21 మిల్లీగ్రాములు వస్తుంది. ఒక్కో సిలిండరుకి ఒక్కో విడతకి కావలసిన పెట్రోలు అంతే. మందు వేసే డ్రాపరుతో ఒక చుక్క వదిలితే, అందులో సగం.

ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతూ ఉంటే, ప్రతి సిలిండరూ సెకనుకి 25 సార్లు గాలి పీలుస్తుంది. ఆ 25 సార్లూ ఈ అర చుక్కని కొలిచి, పొగమంచులా తుంపర చేసి, గాలిలో కలపాలి. ఎక్కువైతే నల్లపొగ, పెట్రోలు దండగ. తక్కువైతే ఇంజను నత్తుతుంది, వేడెక్కుతుంది. కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజను పీల్చే గాలి తక్కువ, కనుక పెట్రోలూ తక్కువే ఇవ్వాలి. యాక్సిలరేటరు తొక్కగానే ఎక్కువ ఇవ్వాలి. ఇంత నాజూకైన వంటపని ఎవరు చేస్తారు?

స్ట్రాలతో కార్బురేటరు

పాత కార్లలో ఈ పని కార్బురేటరుది. అది ఎలా పనిచేస్తుందో మీ ఇంట్లోనే చూడవచ్చు. ఒక గ్లాసు నిండా నీళ్ళు తీసుకోండి. కూల్‌డ్రింకు తాగే స్ట్రా ఒకటి అందులో నిలువుగా ముంచండి. దాని పైకొన నీటిమట్టానికి కొద్దిగా మాత్రమే ఎత్తులో ఉండాలి. ఇంకొక స్ట్రాని అడ్డంగా పెట్టి, మొదటి స్ట్రా మూతి మీదుగా గట్టిగా ఊదండి. నీళ్ళు స్ట్రాలోకి పాకి, పైకి వచ్చి తుంపరగా ఎగురుతాయి. మూతి దగ్గర గాలి వేగంగా పోతున్నందువల్ల అక్కడ పీడనం తగ్గింది. గ్లాసులో నీటిమీద ఉన్న మామూలు గాలి పీడనం నీటిని పైకి తోసింది. చూశారా, ఎక్కడా పంపు లేదు, మోటారు లేదు!

కార్బురేటరులో గాలి పోయే గొట్టం నడుమ సన్నగా, నొక్కినట్లుంటుంది. సన్నని చోట గాలి వేగం హెచ్చుతుంది, పీడనం తగ్గుతుంది. అక్కడికి తెరుచుకొన్న చిన్న రంధ్రం గుండా పెట్రోలు చిమ్ముతుంది. పక్కనే చిన్న తొట్టి. అందులో పెట్రోలు ఎప్పుడూ ఒకే మట్టాన ఉండటానికి తేలే బుడ్డి ఒకటి ఉంటుంది. ఇంటి మీది నీళ్ళ ట్యాంకులో బంతి చేసే పనే ఇదీ చేస్తుంది. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు ఇలా పెట్రోలు చిమ్మే కార్బురేటరు కనిపెట్టాడు. అక్కణ్ణించి దాదాపు వందేళ్ళపాటు ప్రపంచంలోని కార్లలో ఎక్కువ భాగం దీనిమీదే నడిచాయి. ఎలక్ట్రానిక్సు సాయం అవసరం లేకుండా, ఒక్క గాలి ప్రవాహాన్ని ఆధారం చేసుకొని కొలత వేసే ఈ పరికరం తెలివైనదే.

కాని దానికి తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. చలికాలం పొద్దున్న ఇంజను చల్లగా ఉన్నదని దానికి తెలియదు. అందుకే డ్రైవరు ‘చోకు’ లాగి గాలిని కాస్త అడ్డగించి, పెట్రోలు పాలు పెంచాలి. లడఖ్‌లోని లేహ్ పట్టణం సుమారు 3500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. ఆ పలచని గాలికి తగినట్లుగా కార్బురేటరు పెట్రోలుని తగ్గించలేదు. అందువల్ల కొండెక్కిన కారు నల్లపొగ వదులుతూ ఆయాసపడుతుంది. అన్నిటినీ మించి, తాను పెట్టిన భోజనం సరిగ్గా అరిగిందో లేదో కార్బురేటరుకి ఎన్నటికీ తెలియదు. వడ్డించటమే గాని, విస్తరి వంక చూడటం లేదు!

లెక్క తెలిసిన చిమ్మనగ్రోవి

ఇంజెక్షను పద్ధతిలో గాలి లాగితే పెట్రోలు వచ్చే ఏర్పాటు లేదు. పంపు పెట్రోలుని బలంగా నెట్టి సిద్ధంగా ఉంచుతుంది. ప్రతి సిలిండరు ముంగిట ఇంజెక్టరు అనే చిన్న చిమ్మనగ్రోవి ఉంటుంది. దానిలో ఒక విద్యుదయస్కాంతం. కరెంటు ఇస్తే సూది పైకి లేచి పెట్రోలు చిమ్ముతుంది. కరెంటు ఆపితే మూసుకుంటుంది. ఒకసారికి అది తెరుచుకొనేది సెకనులో కొన్ని వేయో వంతులు మాత్రమే. ఎంతసేపు తెరిస్తే అంత పెట్రోలు. కాలమే ఇక్కడ కొలపాత్ర!

ఎంతసేపు తెరవాలో చెప్పేది ఎవరు? ఒక ఎలక్ట్రానిక్ పెట్టె. మెకానిక్కులు దాన్ని ఇ.సి.యు. అంటారు. అది ఇంజనుకి మెదడు. మెదడుకి కళ్ళూ చెవులూ కావాలి కదా! వాటినే సెన్సర్లు అంటారు. ఇంజనులోకి పోయే గాలి పీడనం ఎంతో ఒకటి చెబుతుంది. ఆ గాలి ఎంత వేడిగా ఉన్నదో మరొకటి, ఇంజనుని చల్లబరిచే నీరు ఎంత వేడెక్కిందో ఇంకొకటి చెబుతాయి. డ్రైవరు యాక్సిలరేటరు ఎంత తొక్కాడో, ఇంజను ఎంత వేగంగా తిరుగుతున్నదో చెప్పేవి వేరే ఉన్నాయి. ఈ కబుర్లన్నీ విని, లెక్క కట్టి, మెదడు ఇంజెక్టరుకి ఆజ్ఞ ఇస్తుంది. ఇది ప్రతి సెకనూ పదుల సార్లు జరుగుతుంది.

వీటన్నిటిలో చిత్రమైనది పొగగొట్టంలో కూర్చునే ఆక్సిజన్ సెన్సరు. ఇది విస్తరి వంక చూసే సెన్సరన్నమాట! కాలగా మిగిలిన పొగలో ఆక్సిజన్ ఉందో లేదో ఇది వాసన పడుతుంది. ఆక్సిజన్ మిగిలితే పెట్రోలు చాలలేదని, మిగలకపోతే పెట్రోలు ఎక్కువైందని అర్థం. ఆ కబురు అందుకొని మెదడు మరుసటి విడతలో కొలత సవరించుకుంటుంది. చేసిన పని ఫలితాన్ని చూసి పనిని దిద్దుకోవటం! పరీక్షలో తప్పు చేసిన లెక్కని మళ్ళీ చేసి చూసుకొనే మంచి విద్యార్థి లక్షణమే ఇది.

ఎలక్ట్రానిక్ ఇంజెక్షను 1967లో బాష్ అనే జర్మన్ కంపెనీ తయారుచేయగా, అమెరికాకి పంపే ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో వచ్చింది. ఆక్సిజన్ సెన్సరు 1976లో స్వీడన్‌కి చెందిన వోల్వో కార్లలో మొదటిసారి కనిపించింది. రెండింటికీ ముఖ్య కారణం ఒకటే. అమెరికాలో పొగ మీద ఆంక్షలు కఠినమయ్యాయి.

పొగలో ఏముంది?

అసంపూర్ణంగా కాలిన పెట్రోలు నుంచి కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు, కాలని హైడ్రోకార్బన్లు వస్తాయి. ఇంజనులోని విపరీతమైన వేడికి నైట్రోజన్ ఆక్సైడులు పుడతాయి. ఈ మూడింటినీ హాని తగ్గిన పదార్థాలుగా మార్చటానికి పొగగొట్టంలో కెటలిటిక్ కన్వర్టరు అనే డబ్బా పెడతారు. ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పలచని పూత దాని రహస్యం. అయితే ఈ డబ్బా మూడు పనులూ ఒకేసారి చక్కగా చేయాలంటే గాలీ పెట్రోలూ 14.7కి అతి దగ్గరగా ఉండాలి. ఈ నిష్ఠ కార్బురేటరు వల్ల అయ్యే పని కాదు. ఇంజెక్షను వల్లనే సాధ్యం.

ఈ డబ్బాకి ఇంకొక శత్రువు ఉండేది. అది సీసం. పూర్వం ఇంజనులో టకటక చప్పుడు రాకుండా పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపేవారు. పొగతో బయటపడ్డ ఆ సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. కన్వర్టరు పూతని కూడా పాడుచేస్తుంది. మన దేశంలో 1995 నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో సీసం లేని పెట్రోలు అమ్మటం మొదలైంది. కన్వర్టరు ఉన్న కార్లకి ఆ పెట్రోలే పోయాలి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఢిల్లీ ప్రాంతంలో కొత్త కార్లు ‘యూరో 2’ ప్రమాణం అందుకోవాలని సుప్రీంకోర్టు 1999లో ఆదేశించింది. మన 800 కారు కార్బురేటరుని వదులుకొన్నది ఈ గాలివాటంలోనే. కాబట్టి ఇంజెక్షను అంటే మైలేజీ ముచ్చట మాత్రమే కాదు. మీరూ నేనూ పీల్చే గాలి సంగతి కూడా.

ఇంజను ఒక్కటే వస్తే చాలదు

సరే, ఇప్పుడు మన పాత కారు దగ్గరికి వద్దాం. కొత్త ఇంజను కూర్చుంది. గేరుబాక్సుతో బోల్టులు కలిశాయి. రబ్బరు మౌంటింగుల మీద నిలబడింది. అయినా పలకటం లేదు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. గుండె వచ్చింది గాని మెదడు రాలేదు, నరాలు రాలేదు!

ముందుగా మెదడుపెట్టె కావాలి. అదీ ఈ ఇంజను కోసం తయారైనదే కావాలి. వేరే ఇంజను మెదడు వేరే లెక్కలు వేస్తుంది. తరవాత నరాలు, అంటే పదుల కొద్దీ రంగురంగుల వైర్ల కట్ట. తెలిసిన మెకానిక్కు దాన్ని మధ్యలో కత్తిరించడు. నుజ్జయిన కారులోంచి ఒక్కొక్క కొస విప్పి, చీటీలు కట్టి, మొత్తంగా తీస్తాడు. సగం ఒక కారు నుంచి, సగం మరొక కారు నుంచి తెచ్చిన వైర్లతో ఏ వైరు ఎక్కడిదో తేల్చటానికి రోజులు పడుతుంది.

కొన్ని కొత్త కార్లలో ఇంకొక తమాషా ఉంది. తాళంచెవిలో చిన్న చిప్పు ఉంటుంది. దొంగల భయం కొద్దీ పెట్టిన ఏర్పాటు అది. ఆ చెవిని గుర్తుపడితేనే మెదడు ఇంజనుని నడవనిస్తుంది. అటువంటి కారు నుంచి ఇంజను తెచ్చినప్పుడు చెవినీ, దాన్ని చదివే పరికరాన్నీ వెంట తేకపోతే ఇంజను మొండికేస్తుంది.

సెన్సర్లన్నీ తమ స్థానాల్లో ఉండాలి. పాత పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సరుకి చోటే లేదు. కనుక కన్వర్టరుకి ముందుభాగంలో మరచుట్లు ఉన్న రంధ్రం ఏర్పాటు చేయాలి. లేదా కొత్త కారు పొగగొట్టాన్నే తేవాలి. సెన్సరుకి కొంచెం ముందు గొట్టం అతుకు వదులుగా ఉందనుకోండి. బయటి గాలి లోపలికి చొరబడుతుంది. సెన్సరు దాన్ని చూసి, ఆక్సిజన్ మిగిలిపోయిందని కబురు పంపుతుంది. మెదడు నమ్మి పెట్రోలు పెంచుతుంది. కారు పొగ కక్కుతుంది. ఇంజనులో ఏ లోపమూ లేదు, మెదడులోనూ లేదు. తప్పంతా వదులైన ఒక్క అతుకుది! అబద్ధపు సాక్ష్యం విన్న న్యాయమూర్తి ఎంత తెలివైనవాడైనా తప్పు తీర్పే ఇస్తాడు కదా.

ఎర్త్ వైర్ల సంగతీ ఇంతే. సెన్సర్లు పంపే సంకేతం కొద్ది వోల్టులే. ఆక్సిజన్ సెన్సరుదైతే ఒక వోల్టు లోపే. ఎర్త్ వైరు తగిలించే చోట తుప్పో రంగో ఉంటే సంకేతం చెదిరిపోతుంది. పాత కారు బాడీని అక్కడ గీకి, తళతళలాడే లోహం కనిపించాక గాని వైరు బిగించకూడదు.

అసలు ప్రమాదం ట్యాంకు దగ్గర

ఇక అన్నిటికన్న జాగ్రత్తగా చేయవలసిన పని ఇది. కార్బురేటరుకి పెట్రోలు అందించే పాత పంపు మెల్లగా నెడుతుంది. దాని పీడనం వాతావరణ పీడనంలో నాలుగో వంతు, ఆ ప్రాంతాన ఉంటుంది. ఇంజెక్షనుకి అది చాలదు. అక్కడ రెండున్నర నుంచి మూడు వాతావరణాల పీడనం కావాలి. అంటే సుమారు పది రెట్లు!

ముప్ఫై ఏళ్ళ నాటి రబ్బరు గొట్టంలో ఈ పీడనంతో పెట్రోలు పంపితే ఏమవుతుంది? ఎక్కడో పగుళ్ళిచ్చి సన్నని ధారగా చిమ్ముతుంది. ఆ పక్కనే వేడెక్కిన పొగగొట్టం ఉంటుంది. ఇక చెప్పేదేముంది? కారు మంటల పాలే. అందుచేత ఇంజను మార్చేటప్పుడు ట్యాంకు నుంచి ఇంజను దాకా గొట్టాలూ క్లిప్పులూ ఇంజెక్షను పీడనానికి తట్టుకొనే రకం వేయాలి. పాతవి బాగానే కనిపిస్తున్నాయి కదా అనుకోకూడదు.

కొత్త పంపు కరెంటుతో నడిచేది. సాధారణంగా ట్యాంకు లోపలే, పెట్రోలులో మునిగి ఉంటుంది. పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ‘పెట్రోలులో కరెంటు మోటారా! అంటుకోదా?’ అంటారేమో. కాలటానికి గాలి కావాలని మొదట్లోనే చెప్పుకున్నాం. పంపు లోపల నిండుగా ఉన్నది పెట్రోలే, గాలి లేదు.

ట్యాంకులో పెట్రోలు తగ్గినప్పుడు మలుపుల్లో అది ఒక పక్కకి ఒరుగుతుంది. బిందెలో నీళ్ళు తొణికినట్లే. ఆ క్షణంలో పంపు గాలి పీలిస్తే ఇంజను దగ్గుతుంది. కార్బురేటరు పక్కన ఉండే చిన్న తొట్టి ఇలాంటి క్షణాలను కాచేది. ఇంజెక్షనులో ఆ తొట్టి లేదు. అందుకే కొత్త కారు ట్యాంకులో పంపు చుట్టూ పెట్రోలు నిలిచే ఏర్పాటు ఉంటుంది. వీలైతే ఆ ట్యాంకునే తెచ్చి అమర్చటం మేలు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. పాత పంపుని తిప్పేది ఇంజనే. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. కరెంటు పంపుకి ఆ కట్టుబాటు లేదు. అందుకని దాని స్విచ్చి మెదడు చేతిలో ఉంటుంది. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు ‘గుయ్’ మని పంపు తిరిగి ఆగుతుంది. ఇంజను తిరుగుతున్నదని తెలిస్తేనే మళ్ళీ తిరుగుతుంది. కారు దేనికైనా గుద్దుకొని ఇంజను ఆగితే పంపు కూడా ఆగిపోతుంది. తెగిన గొట్టంలోంచి పెట్రోలు పారదు. కొందరు తొందరలో ఈ పంపు వైరుని నేరుగా తాళానికి కలిపేస్తారు. కారు నడుస్తుంది కూడా. కాని ప్రమాదం జరిగిననాడు ఇంజను ఆగినా పంపు ఆగదు, మంటలోకి పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ‘నడుస్తున్నది’ వేరు, ‘సరిగా ఉన్నది’ వేరు. ఇంజనీరుకీ, పని గడిస్తే చాలనుకొనేవారికీ ఉన్న తేడా ఇదే.

పనయ్యాక పరీక్ష

అన్నీ అమర్చాక తాళం తిప్పితే డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఉన్న చిన్న దీపం వెలగాలి. పాత కారులో ఆ దీపం లేదు కనుక కొత్తగా పెట్టాలి. ఇంజను పలికాక అది ఆరిపోవాలి. ఆరకపోతే ఏదో సెన్సరు నుంచి సరైన కబురు అందటం లేదని అర్థం. ఇది చాలా ఉపకారి. దీపం విసిగిస్తున్నదని బల్బు పీకేయటం, జ్వరం వచ్చిందని థర్మామీటరు పగలగొట్టటం లాంటిది.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. ప్రతి ఇంజను మీదా ఒక సంఖ్య చెక్కి ఉంటుంది. కారు రిజిస్ట్రేషను పత్రంలో అదే సంఖ్య ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ముందుగా రవాణా అధికారుల అనుమతి తీసుకొనే ఇంజను మార్చాలి. పాత ఇంజను ఏమైంది, కొత్తది ఎక్కడి నుంచి వచ్చింది అనేదానికి కాగితాలు ఉండాలి. లేకపోతే దొంగిలించిన కార్ల ఇంజన్లు ఇలాగే చేతులు మారతాయి కదా!

ఇంత శ్రమపడితే లాభం ఏమిటి? పొద్దున్నే చోకు లాగనక్కరలేదు. కొండమీదా మైదానంలోనూ గాలికి తగినంత పెట్రోలే అందుతుంది. కన్వర్టరుతో సహా సరిగ్గా అమరిస్తే పొగలో విషం బాగా తగ్గుతుంది. కాని బాడీ, బ్రేకులు, టైర్లు పాతవే. కొత్త ఇంజను వచ్చినంత మాత్రాన అవి కొత్తవి కావు. వేగం పెంచాలనే ఉబలాటం కన్నా ముందు బ్రేకులు చూసుకొనేవాడే తెలివైనవాడు.

యంత్రమంటే భాగాల కుప్ప కాదు, భాగాల మధ్య ఉన్న సంబంధాలు. ఒకచోట మార్పు చేస్తే దాని ప్రభావం ట్యాంకు దాకా, పొగగొట్టం దాకా పాకుతుంది. ఇంజను మార్చటమంటే ఆ సంబంధాలన్నిటినీ మళ్ళీ కలపటమే.

చివరిగా మీకొక పని. మీ ఇంట్లో 2020 ఏప్రిల్ తరవాత కొన్న మోటారు సైకిలు ఉంటే, అందులో చాలామటుకు ఇంజెక్షనే ఉంటుంది. పెద్దవాళ్ళు తాళం తిప్పినప్పుడు చెవి ఒగ్గి వినండి. ‘గుయ్’ మని సన్నని చప్పుడు వినిపించి, రెండు మూడు సెకన్లలో ఆగిపోతుంది. అదేమిటో, ఎందుకు ఆగిందో ఇప్పుడు మీకు తెలుసు. మీ ఇంట్లో వాళ్ళకి తెలుసేమో అడిగి చూడండి!